అమృతాంజనం లాభాలతో అచ్చయిన బొమ్మలు మళ్లీ జనం ముందుకు రావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. ఈ మధ్య కంపెనీలు వార్షికోత్సవం వచ్చిందంటే కేకు కోసి ఊరుకోవడం లేదు, "మా సాంస్కృతిక వారసత్వం" అని బోర్డు పెట్టి చిన్నపాటి ఆర్ట్ ఎగ్జిబిషన్ కూడా జరుపుతున్నాయి. నేను కృష్ణా జిల్లాలో ఒక హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారిని. ఎక్కడైనా బొమ్మలు పెట్టారని తెలిస్తే బస్సెక్కి వెళ్లి చూసి వస్తాను. అలాగే విజయవాడలో ఒక హోటల్లో ఒక కంపెనీ పెట్టిన ప్రదర్శనకూ వెళ్లాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం, చాలా చోట్ల జరుగుతున్నది అదే కాబట్టి.

హాల్లో సగం గోడలకి పాత ప్రకటనల్ని ఫ్లెక్సీల మీద పెద్దవి చేసి వేలాడదీశారు. మిగతా సగంలో కుర్ర ఆర్టిస్టుల బొమ్మలు పెట్టారు. వాటిలో ఒకదాని ముందు చాలాసేపు నిలబడిపోయాను. ప్యాకింగులో పనిచేసే ఒకావిడ చేతులు, అంతే, మోచేతుల దాకా. చూపుడు వేలికి చుట్టిన ప్లాస్టరు, దాని అంచున అంటుకున్న అట్టపెట్టెల నూగు, గోళ్ల మీద సగం పోయిన గోరింటాకు. వేసింది అక్రిలిక్‌తోనే అయినా మణికట్టు దగ్గర రంగుని నీళ్లలా పల్చన చేసి పొర మీద పొర వేశాడు, కింద నరం ఉన్నట్టే ఉంది. ఆ కంపెనీ ఎలా పెరిగిందో ఆ ఫ్లెక్సీలన్నిటికన్నా ఆ రెండు చేతులు చూస్తేనే నాకు తెలిసింది. తీరా కింద లేబుల్ చదివితే కంపెనీ పేరు ఉంది, ప్రారంభించిన పెద్దమనిషి పేరు ఉంది, బొమ్మ వేసిన వాడి పేరు లేదు. ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు. ఎంతిచ్చారయ్యా అని అడిగాను. "డబ్బులేం లేవు మాస్టారూ, పబ్లిసిటీ వస్తుందన్నారు, కాన్వాసూ రంగులూ నావే" అన్నాడు. వాడికి కోపం కూడా లేదు, అలవాటైపోయింది. నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా కోపం తగ్గలేదు.

ఎందుకంటే ఈ పని ఎలా చేయాలో తెలుగువాళ్లకి ఇంకొకరు నేర్పక్కర్లేదు. మన జిల్లా మనిషే వందేళ్ల కిందట చేసి చూపించాడు.

అమృతాంజనం సీసా తెలియని తెలుగు ఇల్లు ఉండదు. అరచేతిలో దాగిపోయేంత చిన్న సీసా, పసుపు పచ్చటి మందు, మూత తీస్తే గదంతా వాసన. దాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టింది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, ఇప్పటి పామర్రు మండలంలోని ఎలకుర్రు ఆయన సొంతూరు. మొదట్లో సంగీత కచేరీల దగ్గర నిలబడి ఆ మందుని ఉచితంగా పంచేవారట, అంటే ఆ వ్యాపారం మొదటి అడుగు పడిందే పాటా ఆటా జరిగే చోట. తలనొప్పి మందు బాగా అమ్ముడుపోయింది, డబ్బొచ్చింది. ఆ డబ్బుతో ఆయన ఏం చేశారన్నది చూడండి. 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రిక అని తెలుగు వారపత్రిక పెట్టారు. 1914 ఏప్రిల్ 1న దాన్ని మద్రాసులో దినపత్రిక చేశారు. 1924 జనవరిలో భారతి మాసపత్రిక తెచ్చారు. 1926లో ఆంధ్ర గ్రంథమాల మొదలుపెట్టి మంచి పుస్తకాలని తక్కువ ధరకి అచ్చేయించారు, గ్రంథాలయాలకి పుస్తకాలిచ్చారు, అడిగినవాళ్లకి లేదనకుండా ఇచ్చారు. జనం ఆయన్ని దేశోద్ధారకుడన్నారు, విశ్వదాత అన్నారు. ఆంధ్ర, రాయలసీమ నాయకులు 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నది మద్రాసులో ఆయన ఇంట్లోనే. 1938లో ఆయన పోయాక కూడా ఆ పత్రికలు దశాబ్దాల పాటు నడిచాయి, ముళ్లపూడి వెంకటరమణ, బాపు లాంటి వాళ్లు ఆంధ్రపత్రికలో పనిచేసినవాళ్లే. 1991లో ఆగిపోయాయి. మందు మాత్రం ఇప్పటికీ వస్తోంది, కంపెనీ చెన్నైలో నడుస్తోంది.

ఇవన్నీ చాలామందికి తెలిసినవే, మీ పాఠకులకి ఇంకా బాగా తెలుసు. ఒక సంగతి గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడరు, ఆ పత్రికల్లో పడ్డ బొమ్మలు. ఆంధ్రపత్రిక ఉగాది సంచికల్లో, భారతిలో త్రివర్ణ చిత్రాలని వేసేవాళ్లు. నేను ఒక పాత గ్రంథాలయంలో బైండు చేసిన భారతి సంపుటం తిరగేసినప్పుడు అలాంటి పేజీ ఒకటి దొరికింది. మిగతా కాగితమంతా పసుపెక్కి పెళుసుబారింది, ముట్టుకుంటే అంచులు రాలుతున్నాయి, ఆ బొమ్మ వేసిన నున్నటి ఆర్ట్ పేపరు మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పుడు కంప్యూటర్లో బటన్ నొక్కితే రంగుల పేజీ వస్తుంది. అప్పుడు ఒక రంగు బొమ్మ వేయాలంటే పసుపుకి ఒక బ్లాకు, ఎరుపుకి ఒకటి, నీలానికి ఒకటి విడివిడిగా చేయించి, అదే కాగితాన్ని మూడుసార్లు అచ్చుయంత్రంలోకి పంపాలి. ఒక్క వెంట్రుకవాసి జరిగినా అంచుల్లో రంగు బయటికొచ్చేస్తుంది. నేను చూసిన బొమ్మలో ఒక స్త్రీ భుజం పక్కన సన్నటి ఎర్ర గీత అలాగే పడింది, అచ్చువేసిన మనిషి చెయ్యి అక్కడ కనపడుతుంది. అంత ఖర్చూ అంత శ్రమా ఎందుకు? ఆ రోజుల్లో పల్లెలో ఉన్నవాడికి ఒక చిత్రకారుడి బొమ్మ చూసే దారి ఇంకోటి లేదు. రాజమండ్రిలో దామెర్ల రామారావు బొమ్మలేస్తున్నారు, 1925లో 28 ఏళ్లు కూడా నిండకుండానే పోయారు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటర్జీ బెంగాలు నుంచి వచ్చి బొమ్మలు నేర్పుతున్నారు, అడివి బాపిరాజు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. అలాంటి తరం ఒకటి ఇక్కడ తయారవుతుంటే, బొమ్మ అనేదాన్ని పోస్టులో వచ్చే పత్రికలో పెట్టి ఇంటి గడప దాకా తెచ్చింది తలనొప్పి మందు మీద వచ్చిన లాభం.

అందుకే నా కోరిక. అమృతాంజనం, ఆంధ్రపత్రిక, భారతి, ఈ మూడింటి వారసత్వం మీద ఇవాళ్టి కుర్ర చిత్రకారులతో ఒక చిన్న ప్రదర్శన పెట్టాలి. కంపెనీ పెడితే మంచిది, ప్రభుత్వ సాంస్కృతిక శాఖ పెట్టినా మంచిదే, ఇద్దరూ కలిస్తే మరీ మంచిది. పాతవాటి నకళ్లతో సరిపెట్టకుండా కొత్త బొమ్మలు వేయించాలి. 25, 30 బొమ్మలు చాలు. చెన్నైలోనో హైదరాబాదులోనో నాలుగు రోజులు పెట్టి తీసేయకుండా ముందు ఎలకుర్రులో, పామర్రులో, బందరులో పెట్టాలి, ఆ తర్వాత ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు. హైస్కూలు హాలు చాలు, ఎండ నేరుగా పడకుండా కిటికీలకి గుడ్డ కట్టుకుంటే సరి. మా పిల్లలు చదివే పాఠంలో నాగేశ్వరరావు గారి పేరు వస్తే ఎవరు సార్ అని అడుగుతారు, ఆయన ఊరు బస్సులో వెళ్లి వచ్చేంత దగ్గర.

కుర్రాళ్లకి సరుకు ఎక్కడ దొరుకుతుందని అడుగుతారేమో. బోలెడుంది. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది, ఆంధ్రపత్రికా భారతీ రెండూ అందులో ఉన్నాయి. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం ఉంది, పాత పత్రికల్ని ప్రాణంగా దాచిన గ్రంథాలయం అది. ఒక ఆర్టిస్టు అక్కడ వారం రోజులు కూర్చుంటే ఏడాదికి సరిపడా పని దొరుకుతుంది. ఆ పాత ప్రకటనలే చూడండి, మందుల ప్రకటన, దాని పక్కన స్వరాజ్య సభ వార్త, దాని కింద ఎవరిదో పెళ్లి కబురు, ఒక్క పేజీలో ఆ కాలపు సంసారమంతా ఉంటుంది.

పెడనలో కలంకారీ అద్దకానికి టేకు చెక్క మీద అచ్చులు చెక్కే పనివాళ్లు ఇంకా ఉన్నారు. ఒక కొత్త చిత్రకారిణి గీసిన గీతని ఆ పనివాడు చెక్క మీద చెక్కితే, గుడ్డ మీద రంగు రంగుకీ వేరే అచ్చు కొడితే, అది ఆ త్రివర్ణ చిత్రాల పద్ధతికి చుట్టమే అవుతుంది. ఇంకొకరు ఉత్త వాసనతోనే ఏదైనా చేయొచ్చు, ఒక చీకటి గదిలో ఆ మందు వాసన, పాత కచేరీ పాట, అంతే పెట్టి జనాన్ని లోపలికి పంపినా నేను కాదనను, సమకాలీన కళ అంటే కాన్వాసొకటే కాదు గదా. కావలసినదల్లా వేసేవాళ్లని వాళ్ల దారిన వేయనివ్వడం. భజన వద్దు. పంతులు గారి ఫోటోకి దండేసినట్టు అందరూ ఆయన బొమ్మే గీసి పెడితే ఆ ప్రదర్శన దండగ. సీసాల్లో మందు నింపిన ఆడవాళ్లు ఎవరు, అచ్చుయంత్రం దగ్గర రాత్రంతా నిలబడ్డది ఎవరు, ఆ పత్రిక చదువు రానివాళ్లకి ఎవరు చదివి వినిపించారు, ఎవరి గొంతు ఆ పేజీల్లోకి రాలేదు, ఇవన్నీ అడిగే బొమ్మలు కూడా గోడ మీద ఉండాలి. ఆ విజయవాడ కుర్రాడు వేసిన చేతుల్లాంటివి.

ఇదంతా ఖర్చు వ్యవహారం, కంపెనీలకి ఎందుకు ఈ గొడవ అనేవాళ్ల కోసం ఎయిరిండియా సంగతి చెప్పాలి. ఆ సంస్థ 1956లో బి. ప్రభ అనే యువ చిత్రకారిణి దగ్గర ఆరు బొమ్మలు కొంది, ఒక్కోటి 87 రూపాయల 50 పైసల లెక్కన. అక్కడ మొదలై హుస్సేన్, గైతోండే, రజా లాంటి వాళ్ల పనులతో వేల వస్తువుల సేకరణ అయింది. నగదు బదులు విమానం టిక్కెట్లిచ్చి కొన్న బొమ్మలూ ఉన్నాయి, అప్పట్లో ఒక పేద ఆర్టిస్టుకి పారిస్ టిక్కెట్టంటే మాటలు కాదు. 1967లో స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ చేత యాష్ ట్రే చేయించారు, మధ్యలో గవ్వ, చుట్టూ పాము, కింద ఏనుగు తలలూ హంసా, ఏనుగుని తిరగేసి చూస్తే హంస, హంసని తిరగేస్తే ఏనుగు. దానికి ఆయన ఫీజుగా గున్న ఏనుగుని అడిగితే బెంగళూరు నుంచి దాన్ని నిజంగానే స్పెయిన్‌కి పంపారు. ఒక విమాన కంపెనీ పేరు ఇవాళ్టికీ కళా చరిత్రలో ఉందంటే ఇందుకే.

అదే ఎయిరిండియా దగ్గర నేర్చుకోవలసిన ఇంకో సంగతి కూడా ఉంది. కొన్న బొమ్మలు చాలా ఏళ్లు ఆఫీసు గోడల మీదా ముంబై నారిమన్ పాయింట్‌లోని భవనంలోనూ ఉండిపోయాయి, జనం చూసింది తక్కువ. 2017లో జతిన్ దాస్ తను ఆ సంస్థకి వేసిన 'ఫ్లయింగ్ అప్సర' బయట మార్కెట్లో అమ్మకానికి వచ్చిందని బయటపెట్టారు, అప్పుడు దేశమంతా గగ్గోలైంది. 2022 జనవరిలో విమానాలు టాటాల చేతికి వెళ్లాయి, బొమ్మలు మాత్రం ప్రభుత్వం దగ్గరే ఉండి చివరికి నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌కి చేరాయి. అంటే కంపెనీ చేతులు మారుతుంది, మూతపడుతుంది, పేరు కూడా పోతుంది, బొమ్మలు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్క రాసి ప్రజల సంస్థకి అప్పగిస్తేనే మిగులుతాయి. పేరు పోవడం అంటే గుర్తొచ్చింది. 1923లో పట్టాభి సీతారామయ్య గారు బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మా ఊళ్లలో తరతరాల పాసుపుస్తకాల మీద ఉన్న పేరు అది. వరంగల్లో ఆజంజాహి మిల్లు, హైదరాబాదులో ఆల్విన్, ఒకప్పుడు వేల కుటుంబాలకి అన్నం పెట్టినవి, ఆ పనివాళ్ల జీవితం మీద ఒక్క మంచి చిత్రకళా ప్రదర్శన జరిగితే నేను అక్కడికైనా వస్తాను. ఆ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేసినవాళ్లు, ఆ ఫ్రిజ్‌లు బిగించినవాళ్లు కొందరు ఇంకా మన మధ్యే ఉన్నారు, వాళ్లని కూర్చోబెట్టి అడిగి బొమ్మ వేసే అదను ఇప్పుడే ఉంది.

డబ్బు సంగతి కూడా తేల్చుకుందాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో, అంతకు మించో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. ఏయే పనులకి పెట్టొచ్చో చెప్పే ఏడో షెడ్యూలులో వారసత్వం, కళలు, సంస్కృతి, ప్రజా గ్రంథాలయాలు, చేతివృత్తులు అన్నీ రాసే ఉన్నాయి. తమ సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ మాత్రం ఆ లెక్కలోకి రాదు, అది సరైన నియమమే. కాబట్టి ఉత్పత్తుల స్టాల్ పక్కన పెట్టే ఎగ్జిబిషన్ వేరు, నేను అడిగేది వేరు. గ్రంథాలయంలో చిరిగిపోతున్న భారతి సంపుటాలని బాగుచేయించడం, ఆ పేజీలు చదివిన కుర్ర ఆర్టిస్టుల చేత బొమ్మలు వేయించడం, ఆ బొమ్మల్ని ఊళ్లో పిల్లలకి చూపించడం, మూడూ కలిపి ఒకటే పనిగా పెట్టుకుంటే బాగుంటుంది. ఒక టీవీ ప్రకటనకి అయ్యే ఖర్చులో కొసరుతో ఇది అయిపోతుందని నా నమ్మకం.

ఆర్టిస్టుకి ఇచ్చేది కూడా ముందే కాగితం మీద రాయాలి. కాన్వాసు, రంగులు, ఫ్రేము, రానుపోను చార్జీలు కంపెనీవి, పనికి ఫీజు వేరే, బొమ్మ కంపెనీ ఉంచుకుంటే దాని వెల వేరే. ఆ బొమ్మని క్యాలెండరు మీదో అట్టపెట్టె మీదో వేసుకోవాలంటే మళ్లీ అడిగి, మళ్లీ డబ్బిచ్చి వేసుకోవాలి. పేరు లేబుల్ మీద తెలుగులో, కంపెనీ పేరు కంటే పెద్ద అక్షరాల్లో ఉండాలి. పెళ్లికి మేళం వాళ్లని పిలిస్తే తాంబూలంలో డబ్బు పెట్టకుండా పంపం గదా, బొమ్మ వేసేవాడి దగ్గరకొచ్చేసరికి పబ్లిసిటీ అంటే ఎలా? నా దగ్గర డ్రాయింగ్ బాగా వేసే పిల్లల్ని ఫైన్ ఆర్ట్స్‌లో చేర్పించండమ్మా అని తల్లిదండ్రులకి చెబితే, "అది అన్నం పెడుతుందా సార్" అని అడుగుతారు. వాళ్లకి నేను చెప్పే జవాబు ఇలాంటి ప్రదర్శనల మీదే ఆధారపడి ఉంది.

చివరగా మీకే ఒక విన్నపం, సంపాదకులు గారూ. కంపెనీకీ సాంస్కృతిక శాఖకీ మా బోటివాళ్లు రాసే ఉత్తరాలు ఫైళ్లలోకి పోతాయి, మీ పత్రికలో పడితే చదువుతారు, కాబట్టి దీన్ని కుదించైనా సరే వేయండి. ఇంకోటి, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలో రంగుల బొమ్మ వేయడం మన పత్రికల పని అని ఆనాడే తేలిపోయింది. వచ్చే ఉగాదికి మీ ఆదివారం అనుబంధంలో ఒక పూర్తి పేజీ కొత్త చిత్రకారులకి ఇవ్వండి, అమృతాంజనం, ఆంధ్రపత్రికల కథ మీద బొమ్మలు పంపమని ప్రకటించండి, వేసుకున్న బొమ్మకి కథకి ఇచ్చినట్టే పారితోషికం ఇచ్చి పేరు వేయండి. ప్రదర్శన ఎవరు పెడతారో తేలేలోపు మొదటి బొమ్మలు అలా అచ్చవుతాయి. మా స్కూలు హాలు కావాలంటే హెడ్మాస్టారు గారిని అడిగి తాళాలు నేను తెస్తాను, మేకులు కొట్టడానికి, ఫ్రేములు తగిలించడానికి మా తొమ్మిదో తరగతి పిల్లలు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ ఉపాధ్యాయుడు,
కృష్ణా జిల్లా